కలుపు విత్తనాల నిద్ర – మెలకువ

పంట ఇంటికి వచ్చిన తరువాత విత్తనాన్ని జాగ్రత్త చేయడం మన తెలుగు రైతు కుటుంబాలలో తరతరాలుగా వస్తున్న విద్య. గాదెలు, గరిసెలు, జొన్న పాతరలు, ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టిన కందులు, వేపాకు కలిపి కుండలో పోసి మూతికి మట్టి మెత్తిన పెసలు – ఇవన్నీ ఆ విద్యలోని పాఠాలే. అయితే మనిషి కట్టిన గిడ్డంగులన్నింటికంటే పెద్దది మరొకటి ఉన్నది. అది నేల. క్యారీలో మన ఇళ్ళ వెనుక ఉన్న ఎర్రమట్టిని ఒక దోసెడు తీసుకుంటే, మనం ఎన్నడూ చల్లని, మనకు అక్కరలేని మొక్కల విత్తనాలు అందులో ఎన్నో ఉంటాయి. వీటినే శాస్త్రజ్ఞులు నేలలోని ‘విత్తన నిధి’ అంటారు.

నిల్వ చేయడమంటే కాలాన్ని ఆపివేయడమని సాధారణంగా అనుకుంటాం. విత్తనం విషయంలో ఇది సరికాదు. నిల్వలో ఉన్న విత్తనం మారుతూనే ఉంటుంది. దాని చుట్టూ ఉన్న తేమ, వేడి, గాలి, వెలుతురులను బట్టి కొన్ని విత్తనాలు మరణిస్తాయి. కొన్నింటికి నిద్ర వదులుతుంది. మరికొన్ని మేలుకున్న తరువాత మళ్ళీ నిద్రలోకి జారుకుంటాయి. ఈ మార్పులను అర్థం చేసుకున్న శాస్త్రజ్ఞులు మనం నివసిస్తున్న ఉత్తర కరొలైనాలోనే ఒక భయంకరమైన కలుపును అదుపులోకి తేగలిగారు. ఆ కలుపు మన తెలుగు నేలపై జొన్న పంటకు పాత శత్రువు. ఆ కథను పరిశీలించే ముందు, విత్తన నిద్ర అంటే ఏమిటో తెలుసుకుందాం.

మరణమా? నిద్రా?

తడి గుడ్డలో మూట కట్టిన విత్తనం మొలకెత్తకపోతే దానికి రెండు కారణాలుండవచ్చు. ఒకటి, విత్తనం చనిపోయి ఉండవచ్చు. రెండు, నీరు, గాలి, వెచ్చదనం అన్నీ అందినా మొలకెత్తడానికి నిరాకరించే స్థితిలో ఉండవచ్చు. ఈ రెండవ స్థితినే ‘నిద్రావస్థ’ అంటారు. పైకి చూచి ఈ రెండింటికీ తేడా చెప్పలేము. 1940 దశకంలో జర్మనీలో గియోర్గ్ లాకన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఒక చక్కని రసాయన పరీక్షను రూపొందించాడు. టెట్రజోలియం అనే రంగులేని లవణాన్ని కోసిన విత్తనానికి పట్టిస్తే, సజీవ కణాలలోని ఎంజైములు దాన్ని క్షయకరణం చేసి ఎర్రని పదార్థంగా మారుస్తాయి. ఎర్రబారిన పిండం బ్రతికి ఉన్నట్లు. తెల్లగా ఉండిపోయినది మరణించినట్లు.

వరి రైతులకు ఈ నిద్రావస్థ అనుభవంలో ఉన్న విషయమే. కోతల సమయంలో తుఫాను వస్తే కొన్ని రకాల వరి కంకులు పొలంలోనే మొలకెత్తి పాడవుతాయి. కొద్ది వారాల నిద్రావస్థ కలిగిన రకాలు ఆ వానను తట్టుకుంటాయి. అదే ధాన్యాన్ని వెంటనే మరుసటి పంటకు విత్తనంగా వాడదలచినప్పుడు మాత్రం ఆ నిద్ర అడ్డు వస్తుంది. అప్పుడు బాగా పలుచన చేసిన నత్రికామ్లంలో విత్తనాలను నానబెట్టి నిద్రను తొలగించే పద్ధతిని మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు రైతులకు నేర్పారు.

వేల ఏళ్ళుగా మానవుడు చల్లిన వెంటనే ఒక్కుమ్మడిగా మొలిచే విత్తనాలను ఏరుకుంటూ వచ్చాడు. అందువలన పంట మొక్కలలో నిద్ర చాలవరకు తగ్గిపోయింది. కలుపు మొక్కల చరిత్ర దీనికి పూర్తిగా విరుద్ధం. ఒకే వానకు కలుపంతా మొలిస్తే, ఒక్కసారి గుంటక తోలి రైతు దాని వంశాన్నే నాశనం చేయగలడు. ఈ ఏడు కొన్ని, మరుసటి ఏడు కొన్ని, పదేళ్ళ తరువాత మరికొన్ని మొలిచే జాతులే నాగలి దెబ్బకు తట్టుకుని మిగిలాయి. కలుపుకు నిద్రే కవచం.

ఈ నిద్ర ప్రధానంగా రెండు విధాలు. మొదటిది, నీరు చొరని గట్టి పొట్టు వలన కలిగేది. మన తుమ్మ, తంగేడు గింజలలోనూ, ఇక్కడి పచ్చిక బయళ్ళలో తెల్లని పూలు పూసే క్లోవరులోనూ దీన్ని చూడవచ్చు. క్లోవర్ గింజ నాభి వద్ద ఒక సన్నని చీలిక ఉంటుందనీ, గాలి పొడిగా ఉన్నప్పుడు అది తెరుచుకుని లోపలి తేమను బయటకు పంపుతుందనీ, గాలి తేమగా ఉన్నప్పుడు మూసుకుని బయటి తేమను రానివ్వదనీ 1954లో న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు హైడ్ నిరూపించాడు. పొడిగా నిల్వ చేసిన కొద్దీ అట్టి గింజ మరింత గట్టిపడుతుంది! రెండవది, పిండంలోని హార్మోనుల వలన కలిగే నిద్ర. ఆబ్సిసిక్ ఆమ్లం నిద్రపుచ్చుతుంది, జిబ్బరెలిన్లు మేల్కొలుపుతాయి. ఈ రెండింటి తూకమే విత్తనం యొక్క నిర్ణయం.

నిల్వ చేసే మూడు పనులు

హార్మోన్ల వలన నిద్రించే విత్తనాన్ని మూడు రకాలుగా నిల్వ చేసి చూద్దాం.

మొదటిది, గది ఉష్ణోగ్రతలో పొడిగా నిల్వ చేయడం. ఎండిన విత్తనంలో కూడా నూటికి కొన్ని పాళ్ళ తేమ మిగిలి ఉంటుంది. ఆ కొద్ది తేమలో ప్రాణవాయువుతో కూడిన నెమ్మదైన రసాయన చర్యలు సాగి, వారాలు, నెలలు గడిచేకొద్దీ ఆబ్సిసిక్ ఆమ్లం పట్టు సడలుతుంది. దీన్ని ‘కోత తరువాతి పరిపక్వత’ అనవచ్చు. కొత్త గింజ కంటే ఆరు నెలల పాత గింజ బాగా మొలవడానికి కారణం ఇదే.

రెండవది, చలిలో పొడిగా నిల్వ చేయడం. తేమ మరీ తగ్గినా, చలి మరీ పెరిగినా పై రసాయన చర్య దాదాపు నిలిచిపోతుంది. విత్తనం ప్రాణం నిలుస్తుంది. దానితో పాటు నిద్ర కూడా నిలుస్తుంది. ఈ విషయాన్ని గమనించడం ఎంతో అవసరం. ఒకే మొక్క నుండి, ఒకే రోజున సేకరించిన కలుపు విత్తనాలలో సగం బల్లపైన, సగం ఫ్రిజ్‌లో ఉంచి కొన్ని నెలల తరువాత పరీక్షిస్తే, రెండు భాగాలూ రెండు వేర్వేరు జాతులా అన్నంతగా ప్రవర్తించవచ్చు. కనుకనే విత్తనాలపై పరిశోధన చేసేవారు వాటిని ఎన్నాళ్ళు, ఏ వేడిలో, ఏ తేమలో నిల్వ చేశారో తప్పక వ్రాయాలి. ఆ వివరం లేని మొలక శాతానికి విలువ లేదు.

మూడవది, తడిగా నిల్వ చేయడం. తడిసిన విత్తనం తన పరిసరాలను గ్రహించగలదు. కొన్ని జాతులు తడిలో కొన్ని వారాల చలిని అనుభవించిన తరువాతే మేలుకుంటాయి. మరికొన్ని తడిలో మేలుకుని, తగిన అవకాశం రాకపోతే ‘మలి నిద్ర’లోకి వెళ్ళిపోతాయి.

ఆయుర్దాయానికి సంబంధించి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు విత్తన శాస్త్రజ్ఞుడు జేమ్స్ హారింగ్టన్ చెప్పిన స్థూల సూత్రం పిల్లలు కూడా గుర్తుంచుకోదగినది. తేమ 5 నుండి 14 శాతం మధ్య ఉన్నంతవరకు, విత్తనంలోని తేమ ఒక శాతం తగ్గినప్పుడల్లా దాని ఆయుర్దాయం రెట్టింపవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారన్‌హీట్ తగ్గినప్పుడల్లా మళ్ళీ రెట్టింపవుతుంది. 12 శాతం తేమను 8 శాతానికి తగ్గిస్తే 16 రెట్లు. 90 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు చల్లబరిస్తే 32 రెట్లు. రెండూ కలిపితే 512 రెట్లు! ఇది కాగితం మీది లెక్క. అయినా మన పూర్వులు విత్తనాన్ని ఎర్రటి ఎండలో ఆరబెట్టిన తరువాతే ఎందుకు మూత పెట్టారో ఇది చెబుతుంది.

నేల అనే గిడ్డంగి

నేలలో తేమను గానీ ఉష్ణోగ్రతను గానీ అదుపు చేసేవారు లేరు. ఋతువులే అక్కడి భాండాగారికులు. క్యారీలో ఫిబ్రవరి, మార్చి నెలలలో పచ్చికల మధ్య ఊదారంగు పూలతో కనిపించే హెన్‌బిట్‌ను గమనించండి. దాని విత్తనాలకు వేసవి వేడిలో నిద్ర వదులుతుంది. శరదృతువులో మొలకెత్తి, చలికాలమంతా పెరిగి, ఎండలు ముదిరేసరికి గింజ రాల్చి నశిస్తుంది. శరత్తులో మనలో ఎందరికో తుమ్ములు, కళ్ళ దురదలు తెప్పించే ర్యాగ్‌వీడ్ పద్ధతి దీనికి విరుద్ధం. దాని నిద్రను శీతకాలపు తడి చలి వదిలిస్తుంది. వసంతంలో మొలిచే అవకాశం దొరకని విత్తనాలు వేసవి వేడికి మలి నిద్రలోకి వెళ్ళి, మరొక చలికాలం కోసం వేచి ఉంటాయి. ఇట్లు ఏటేటా నిద్ర, మెలకువలు చక్రంలా తిరుగుతుంటాయి.

ఇట్టి నిద్ర ఎన్నేళ్ళు సాగగలదు? 1879లో మిచిగన్ వ్యవసాయ కళాశాలలో విలియం జేమ్స్ బీల్ అనే ఆచార్యుడు ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి పూనుకున్నాడు. 21 రకాల మొక్కల విత్తనాలను, రకానికి 50 చొప్పున, తడి ఇసుకతో కలిపి 20 సీసాలలో నింపి పాతిపెట్టాడు. మొదట ఐదేళ్ళకొకటి, తరువాత పదేళ్ళకొకటి, ఇప్పుడు ఇరవై ఏళ్ళకొకటి చొప్పున ఆ సీసాలను వెలికి తీస్తున్నారు. 2020లో తీయవలసినది కోవిడ్ కారణంగా 2021లో తీశారు. వెలుతురు తగిలితే విత్తనాలు మేలుకుంటాయి కనుక ఆ పనిని చీకటిలోనే చేశారు. 141 ఏళ్ళు గడిచిన ఆ సీసాలోని విత్తనాలలో ఇరవై మొలకెత్తాయి. అన్నీ వెర్బాస్కం అనే ఒకే ప్రజాతికి చెందినవి. తరువాతి సీసా వంతు 2040లో, ఆఖరిది 2100లో.

1956: రెండు దేశాలు, రెండు కలుపులు

ఇప్పుడు మన అసలు కథకు వద్దాం. 1956 సంవత్సరం కలుపు శాస్త్రంలో ఒక విచిత్రమైన సంవత్సరం. అమెరికా ఖండపు మొక్క అయిన పార్థీనియం, అనగా మన ‘వయ్యారిభామ’, భారతదేశానికి కొత్తగా వచ్చినట్లు ఆర్.ఎస్. రావు అనే వృక్షశాస్త్రజ్ఞుడు ప్రకటించిన ఏడు అదే. ఆసియా, ఆఫ్రికాల కలుపు అయిన స్ట్రైగా ఉత్తర, దక్షిణ కరొలైనాల మొక్కజొన్న చేలలో ఉన్నట్లు బయటపడినదీ ఆ ఏడే. విత్తనాలకు పాస్‌పోర్టు అక్కరలేదనడానికి ఇంతకంటే నిదర్శనం వేరే కావాలా?

స్ట్రైగా పరాన్నజీవి. జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు వంటి పంటల వేళ్ళకు అతుక్కుని నీటినీ పోషకాలనూ పీల్చుకుంటుంది. మన పొగాకు రైతులను వేధించే ‘పొగాకు మల్లె’ కూడా ఇదే కుటుంబానికి చెందినది. భారతదేశంలో స్ట్రైగాకు తెల్లని పూలు. కరొలైనాలో ఎర్రని పూలు. ఆ మొక్క నేలపైకి తలెత్తక ముందే పంట చేతబడి చేసినట్లు వాడిపోతుంది కనుక దీనికి ఇంగ్లీషులో విచ్‌వీడ్, అనగా మంత్రగత్తె కలుపు, అనే పేరు వచ్చింది. ఒక్క మొక్క యాభై వేల విత్తనాలనైనా రాల్చగలదు. ఒక్కొక్కటి ధూళి కణమంత. మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రమే.

ఇంత చిన్న విత్తనంలో ఉండే ఆహారం కొద్ది రోజులకే సరిపోతుంది. ఆలోగా పంట వేరు దొరకకపోతే మొలకకు మరణమే. కనుక అది ఎంతో జాగ్రత్తగా మేలుకుంటుంది. పైన చెప్పిన మెట్లన్నీ దీని జీవితంలో వరుసగా కనిపిస్తాయి. కొత్తగా రాలిన విత్తనం మొలవదు. కొన్ని నెలలు పొడిగా, వెచ్చగా నిల్వ ఉండాలి. తరువాత ఒకటి రెండు వారాలు తడిలో, వెచ్చదనంలో నానాలి. అప్పటికీ మొలవదు. దగ్గరలో పంట వేరు ఉన్నదని తెలిపే రసాయన సందేశం అందితేనే మొలకెత్తుతుంది. ఆ సందేశం రాకుండా తడి మాత్రమే కొనసాగితే మలి నిద్రలోకి జారుకుంటుంది. ఈ విధంగా పదేళ్ళకు పైగా నేలలో వేచి ఉండగలదు.

పరిశోధనశాలలో పట్టుబడిన సందేశం

ఆ సందేశం ఏమిటో కనుగొన్నది క్యారీకి కూతవేటు దూరంలోనే అని మనలో చాలామందికి తెలియకపోవచ్చు. 1966లో రిసెర్చ్ ట్రయాంగిల్ ఇన్‌స్టిట్యూట్‌లో కుక్, మన్రో వాల్, వారి సహచరులు పత్తి వేళ్ళు వెలువరించే ద్రవం నుండి ఆ పదార్థాన్ని వేరుచేసి ‘స్ట్రైగాల్’ అని పేరు పెట్టారు. 1972లో దాని నిర్మాణం పూర్తిగా తేలింది. 19 కర్బన, 22 ఉదజని, 6 ఆమ్లజని పరమాణువులు గల అణువు అది. వందకోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలుకంటే తక్కువగా ఉన్నా స్ట్రైగా విత్తనాన్ని మేల్కొలపగలదు. ఇదే వాల్, భారతదేశంలో పుట్టిన మన్‌సుఖ్ వానీతో కలిసి ఇదే సంస్థలో క్యాన్సర్ చికిత్సకు మార్గం చూపిన క్యాంప్టోథెసిన్, టాక్సాల్‌లను కనుగొన్నాడు.

రసాయన శాస్త్ర దృష్టితో చూస్తే స్ట్రైగాల్‌లోని ఒక గుణం అబ్బురపరుస్తుంది. దానిలోని లాక్టోన్ వలయాలను కలిపే బంధం నీటిలో సులభంగా విడిపోతుంది. నేలలో ఆ అణువు ఎక్కువ కాలం మనలేదు. కనుక అది విత్తనాన్ని చేరినదంటే, సజీవమైన వేరు ఇప్పుడే, ఇక్కడే ఉన్నదని అర్థం. విత్తనం ఏళ్ళ తరబడి నిల్వ ఉంటుంది. సందేశం నిల్వ ఉండదు. ఈ రెండింటి పొంతనే స్ట్రైగా బ్రతుకు రహస్యం.

మరి మొక్క తన శత్రువును తానే ఎందుకు పిలుస్తుంది? దీనికి జవాబు 2005లో జపాన్ నుండి వచ్చింది. భాస్వరాన్ని అందించే మేలైన శిలీంధ్రాలను తన వేళ్ళ వద్దకు రప్పించుకోవడానికి మొక్క ఈ అణువులను విడుదల చేస్తుందని అకియామా, అతని సహచరులు నిరూపించారు. మిత్రునికి పంపిన ఆహ్వానాన్ని దొంగ కూడా చదివాడన్న మాట. నేలలో భాస్వరం తక్కువైన కొద్దీ మొక్క మరింతగా పిలుస్తుంది. నిస్సారమైన చేలలోనే స్ట్రైగా చెలరేగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

నిద్ర చెడగొట్టి గెలిచిన యుద్ధం

1957లో అమెరికా ప్రభుత్వం స్ట్రైగా సోకిన ప్రాంతాలపై నిర్బంధం విధించింది. యంత్రాలను, మట్టిని, పంట ఉత్పత్తులను తనిఖీ చేయకుండా బయటకు పంపరాదని నియమం పెట్టింది. అయితే నేలలో నిద్రించే కోట్లాది విత్తనాల మాట ఏమిటి? వాటిని చంపడానికి మార్గం వాటిని మేల్కొలపడమే! అరటి, మామిడి వంటి పండ్లు పండేటప్పుడు విడుదల చేసే ఇథిలీన్ వాయువు స్ట్రైగా విత్తనాలనూ మేల్కొలుపుతుందని తెలిసింది. 1970 దశకంలో రాబర్ట్ ఎప్లీ, అతని బృందం ట్రాక్టరుకు అమర్చిన గొట్టాల ద్వారా ఇథిలీన్‌ను నేలలోకి ఎక్కించారు. పంట ఉన్నదని భ్రమించి మొలిచిన స్ట్రైగా, ఆధారం దొరకక కొద్ది రోజులలో నశించింది. ఇక్కడ కూడా అదను ముఖ్యం. విత్తనం తడిలో నాని సిద్ధంగా ఉన్నప్పుడే ఇథిలీన్ పనిచేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు గానీ, మలి నిద్రలో ఉన్నప్పుడు గానీ ఇస్తే వృథా. నిర్బంధం, కలుపు మందులు, ఇథిలీన్ – ఈ మూడింటితో నాలుగు లక్షల ఎకరాలకు పైగా వ్యాపించిన స్ట్రైగాలో 99 శాతానికి పైగా నిర్మూలించబడింది.

జొన్నను నమ్ముకున్న మెట్ట రైతుకు ఇట్టి యంత్రాలు అందుబాటులో లేవు. అతనికి కావలసినది విత్తనంలోనే రక్షణ. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ స్ట్రైగాను తట్టుకునే జొన్న వంగడాలను రూపొందించింది. ఇదే బాటలో ఆఫ్రికా రైతుల కోసం కృషి చేసిన ఇథియోపియా దేశస్థుడు గెబీసా ఎజేటాకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. కొన్ని జొన్న రకాలలో ఎల్.జి.ఎస్.1 అనే జన్యువు లోపించడం వలన వేరు పంపే సందేశపు రూపం మారి, స్ట్రైగా దాన్ని సరిగా గుర్తించలేకపోతున్నదని 2017లో వెల్లడైంది. పటాన్‌చెరులోని జన్యునిధిలో వేలాది జొన్న రకాలు సున్నాకు దిగువన 20 డిగ్రీల సెల్సియస్ చలిలో భద్రంగా ఉన్నాయి. కలుపు విత్తనానికి నేల చేసే సేవనే, పంట విత్తనానికి మనిషి అక్కడ చేస్తున్నాడు.

మనం చేయదగినవి

ఊరి నుండి వచ్చేటప్పుడు గోంగూర, దోస, చిక్కుడు విత్తనాలు పొట్లం కట్టి తెచ్చుకోవాలనిపించడం సహజం. కానీ ధూళి కణమంత స్ట్రైగా విత్తనాన్ని ఆ పొట్లంలో మన కన్ను పట్టలేదు. అమెరికా ప్రమాదకర కలుపుల జాబితాలో అది ఉన్నది. విత్తనాలను విమానాశ్రయంలో తప్పక ప్రకటించాలి. అవసరమైన అనుమతిని, ఆరోగ్య ధృవపత్రాన్ని ముందుగానే పొందాలి. లేదా ఇక్కడే అమ్మే విత్తనాలను కొనుక్కోవాలి. 1956 నాటి రెండు కలుపులూ మనకు నేర్పిన పాఠమిది. పెరటిలోని కలుపును గింజ కట్టక ముందే పీకివేయడం, అనవసరంగా నేలను లోతుగా తిరగవేసి నిద్రించే విత్తనాలను వెలుగులోకి తేకపోవడం కూడా మంచి పద్ధతులు.

పిల్లల కోసం ఒక చిన్న ప్రయోగం. మన జిల్లేడుకు బంధువైన మిల్క్‌వీడ్ విత్తనాలు ఇక్కడి నర్సరీలలో దొరుకుతాయి. వాటిని మూడు భాగాలు చేయండి. ఒకటి పొడిగా వంటింటి అరలో, ఒకటి పొడిగా ఫ్రిజ్‌లో, మూడవది తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ఆరు వారాలు ఉంచండి. తరువాత ఒక్కొక్క భాగం నుండి ఇరవై విత్తనాలను తడి కాగితంపై వెచ్చని గదిలో పరచి, రెండు వారాల పాటు మొలకలను లెక్కించండి. మూడవ భాగానిదే పైచేయి కాగలదు. మొలకలను కుండీలో నాటితే, మొనార్క్ సీతాకోకచిలుకలకు ఆహారం కూడా అవుతుంది. దాని పాలు జిల్లేడు పాల వలె హానికరం కనుక చేతులు కడుక్కోవడం మరువకండి.

ప్రతి పొట్లం మీద సేకరించిన తేదీ, ఉంచిన చోటు తప్పక వ్రాయండి. విత్తనం ఎక్కడ, ఎన్నాళ్ళు ఉన్నదో తెలిస్తేనే అది మొలుస్తుందో లేదో చెప్పగలం.